దయ్యం అడిగిన దస్తావేజు: ‘ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో’ చదువుతూ

పెళ్లికొడుక్కి పదిహేనేళ్లు. ఒంట్లో ఎప్పుడూ నలతే. పెళ్లివాళ్లంతా కోటలోని ప్రార్థనా మందిరంలో చేరారు, అతనొక్కడే రాలేదు. పిలుచుకురమ్మని పంపిన నౌకరు నోట్లోంచి నురగలు కక్కుతూ తిరిగొచ్చి, మాట పెగలక, కోట ఆవరణ వైపు వేలు చూపించాడు. అక్కడ నల్లని ఈకల కుచ్చులున్న శిరస్త్రాణం ఒకటి పడుంది. మామూలు మనిషి తలకి పట్టేదానికి వంద రెట్లు పెద్దది. దాని కింద పెళ్లికొడుకు నుజ్జునుజ్జయిపోయి ఉన్నాడు.

హొరేస్ వాల్పోల్ రాసిన ‘ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో’ ఇలా మొదలవుతుంది. మనం ఇంకా నాలుగు పేజీలు కూడా తిప్పి ఉండం. ఆ హెల్మెట్ ఎక్కణ్ణుంచి పడిందో, ఎవరు విసిరారో రచయిత చెప్పడు. దానికి ముందు ఉరుములు లేవు, మెరుపులు లేవు, కిర్రుమనే తలుపులు లేవు. ఇంగ్లీషులో మొట్టమొదటి గోథిక్ నవల అని సాహిత్య చరిత్రలు చెప్పే పుస్తకం ఇది. ఇవాళ చదివేవాళ్లకి ఇక్కడ భయం కన్నా ముందు నవ్వొస్తుంది. నాకూ వచ్చింది. రెండోసారి చదివినప్పుడూ వచ్చింది, ఇంకో పదిసార్లు చదివినా వస్తుందనే అనుకుంటున్నాను.

ఐదు అధ్యాయాలు, దాదాపు వంద పేజీలు. ఒక ఆదివారం మధ్యాహ్నానికి అయిపోతుంది. మరి ఎందుకు చదవాలి? ‘ఫ్రాంకెన్‌స్టైన్’కీ ‘డ్రాక్యులా’కీ ఇది ముత్తాత కాబట్టి అంటే, అది పరీక్షలో రాసే జవాబు. ముత్తాత ఫొటోకి దణ్ణం పెట్టుకోవడం కోసం ఎవరం నవల చదవం. నాకు దొరికిన కారణం వేరే. ఈ నవల్లో దయ్యాలు ఇప్పుడు ఎవర్నీ భయపెట్టలేవు. కానీ ఆ దయ్యాలు ఏ పని మీద వచ్చాయో, ఆ పని భయపెడుతుంది. అవి వచ్చింది ఆస్తి కోసం.

ముందు కథ, క్లుప్తంగా. ఒట్రాంటో ఇటలీ దక్షిణ కొసన సముద్రం ఒడ్డున నిజంగానే ఉన్న ఊరు. నవల్లో దాని ప్రభువు మాన్‌ఫ్రెడ్. భార్య హిప్పోలిటా, పద్దెనిమిదేళ్ల కూతురు మటిల్డా, పదిహేనేళ్ల కొడుకు కాన్‌రాడ్. కూతురంటే అతనికి లెక్కే లేదు. కొడుకే సర్వస్వం, ఎందుకంటే వంశం నిలబడాల్సింది వాడి మీదే. ఆ వంశాన్ని ఒక పాత జోస్యం వెంటాడుతోంది: అసలు యజమాని ఈ కోటలో పట్టనంత పెద్దవాడైన రోజున, కోటా రాజ్యమూ ఇప్పుడున్నవాళ్ల చేజారిపోతాయి. ఈ మాటకి అర్థమేమిటో ఎవరికీ అంతుపట్టదు. మాన్‌ఫ్రెడ్ మాత్రం తొందరపడుతున్నాడు. ఫ్రెడరిక్ అనే ఒక మార్కిస్ కూతురు ఇసబెల్లాని ఆమె సంరక్షకుల దగ్గర్నుంచి తెచ్చి పెట్టుకుని కొడుక్కిచ్చి చేస్తున్నాడు. ఆ పెళ్లి నాడే హెల్మెట్ పడింది.

కొడుకు శవం ముందు నిలబడ్డ ఆ తండ్రిని గమనించండి. అతని చూపు కొడుకు మీద ఉండదు, హెల్మెట్ మీద ఉంటుంది. చాలాసేపటికి నోరు విప్పి అనే మొదటి మాట, ఇసబెల్లాని జాగ్రత్తగా చూసుకోమని. లోపల స్పృహ తప్పిన భార్య గురించి గానీ, కూతురి గురించి గానీ ఒక్క మాట లేదు. ఆ రాత్రే ఇసబెల్లాని పిలిపించి, చనిపోయిన కొడుకు బదులు తనే ఆమెని పెళ్లాడతానంటాడు. హిప్పోలిటాకి విడాకులిచ్చేస్తాడట. అతనికి ఇంకా కొడుకులు కావాలి. కోడలు కావలసిన పిల్ల ఇంట్లోనే ఉంది. లెక్క సరిపోయింది.

ఇక్కడ నా నవ్వు ఆగిపోయింది. మాన్‌ఫ్రెడ్ ఆమె చెయ్యి పట్టుకోబోతాడు. అదే సమయానికి కిటికీ బయట వెన్నెల్లో ఆ హెల్మెట్ ఈకలు ఊగుతాయి. గోడ మీది తాత బొమ్మ నిట్టూర్చి, చట్రంలోంచి కిందికి దిగి నడుస్తుంది. మాన్‌ఫ్రెడ్ దాని వెంట పడతాడు, ఇసబెల్లా పారిపోతుంది. కోట కింద ఒక సొరంగం ఉంది, అది చర్చి దాకా పోతుందని ఆమెకి తెలుసు. చేతిలో ఒక దీపం. చీకటి, మలుపుల మీద మలుపులు, ఎక్కడో తుప్పు పట్టిన కీళ్ల మీద కదిలిన తలుపు చప్పుడు. ఎవరో ఉన్నారనిపిస్తుంది. గాలి విసురుకి దీపం ఆరిపోతుంది.

ఇన్ని వందల గోథిక్ నవలలూ, వాటి నుంచి పుట్టిన వేల సినిమాలూ చేసిందంతా ఈ రెండు పేజీల్లో ఉంది. దీని తర్వాత ముప్ఫై ఏళ్లకి ఆన్ రాడ్‌క్లిఫ్ ‘ది మిస్టరీస్ ఆఫ్ యుడోల్ఫో’ (1794) రాసింది. అందులోనూ ఒక అమ్మాయి, ఒక కోట, ఆమె ఆస్తి మీద కన్నేసిన ఒక మగవాడు. షార్లెట్ బ్రాంటే ‘జేన్ ఐర్’ (1847)లో పెద్ద ఇల్లు, తాళం వేసిన గది, అందులో ఆ ఇంటి యజమాని దాచిపెట్టిన భార్య. మనుషులూ ఊళ్లూ మారతాయి గానీ, అమ్మాయి ఇంట్లో పరిగెడుతూనే ఉంటుంది. వాల్పోల్ సొరంగంలో గమనించాల్సింది ఒకటుంది. ఇసబెల్లాని తరుముతున్నది దయ్యం కాదు. నిన్నటిదాకా మామగారు కావలసిన మనిషి. తాత బొమ్మ చట్రంలోంచి దిగడం వల్లే ఆమెకి తప్పించుకునే సందు దొరికింది కూడా. ఈ ఇంట్లో ఆమెకి దయ్యమే నయం.

అలాగని దయ్యం ఆమె పక్షాన ఉందనుకోకూడదు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు ఈ పుస్తకం పుట్టుక గురించి కాస్త చెప్పాలి. 1764 డిసెంబరులో ఇది మొదటిసారి వెలువడ్డప్పుడు, ముఖపత్రం మీద వాల్పోల్ పేరు లేదు. ఇటాలియన్ నుంచి విలియం మార్షల్ అనే పెద్దమనిషి అనువదించాడని ఉంది. మూల రచయిత ఒనుఫ్రియో మురాల్టో, ఒట్రాంటోలోని సెయింట్ నికొలస్ చర్చి మతాధికారి. మూలగ్రంథం 1529లో నేపుల్స్‌లో అచ్చయింది, ఇంగ్లండు ఉత్తరాన ఒక పాత కాథలిక్ కుటుంబపు గ్రంథాలయంలో దొరికింది. ముందుమాటలో ఇదంతా చాలా గంభీరంగా ఉంటుంది. అనువాదకుడు మూలం భాషని మెచ్చుకుంటాడు, కాలనిర్ణయం చేస్తాడు, కథలో నీతి ఇంకాస్త పనికొచ్చేదిగా ఉంటే బావుండేదని పెదవి విరుస్తాడు కూడా. మురాల్టో లేడు, మార్షల్ లేడు, 1529 నాటి పుస్తకం లేదు. అంతా వాల్పోలే.

పుస్తకం బాగా నడిచాక, 1765 వసంతంలో వచ్చిన రెండో ముద్రణలో నిజం ఒప్పుకున్నాడు. అప్పుడే దానికి ‘ఒక గోథిక్ కథ’ అనే ఉపశీర్షిక తగిలించాడు. ఇక సమీక్షకుల సంగతి చూడండి. పాతకాలపు కథకి అనువాదం అనుకున్నప్పుడు మెచ్చుకున్న ‘మంత్లీ రివ్యూ’, రాసింది తమ కాలపు మనిషేనని తెలిశాక తిట్టిపోసింది. అనాగరికులు ఎవరో ఎప్పుడో నమ్మితే సరే, చదువుకున్న పెద్దమనిషి ఈ రోజుల్లో ఇలాంటి మూఢనమ్మకాలు తిరిగి తెస్తాడా అని. పుస్తకంలో ఒక్క అక్షరం మారలేదు. మారిందల్లా దాని కింది సంతకం.

ఈ దొంగ ముందుమాటని చాలామంది సరదా చేష్ట కింద తీసేస్తారు. నాకది కథలో భాగంగానే కనిపిస్తుంది. ఎందుకంటే నవల నడిమధ్యలో ఉన్న రహస్యం కూడా ఒక దొంగ కాగితమే. మాన్‌ఫ్రెడ్ తాత రికార్డో ఒకప్పుడు ఒట్రాంటో అసలు ప్రభువు అల్ఫాన్సో దగ్గర నౌకరీ చేసేవాడు. పవిత్రభూమికి వెళ్లినప్పుడు యజమానికి విషం పెట్టి చంపాడు. దొంగ వీలునామా పుట్టించి కోటకి వారసుడయ్యాడు. అలా మూడు తరాలుగా దొంగ కాగితం మీద బతుకుతున్న ఇల్లు ఇది. ఆ ఇంటి కథని వాల్పోల్ ఇంకో దొంగ కాగితంలో చుట్టి మనకిచ్చాడు.

అతని సొంత ఇల్లు కూడా అలాంటిదే. లండన్ దగ్గర ట్వికెన్‌హామ్‌లో, థేమ్స్ ఒడ్డున, స్ట్రాబెరీ హిల్ అనే మామూలు ఇంటిని ఏళ్ల తరబడి మధ్యయుగపు కోటలాగా మార్చుకుంటూ పోయాడు. కానీ ఆ కోటలో రాతిపనిలా కనిపించేదంతా రాయి కాదు. పైకప్పు నగిషీలు కొన్ని కాగితం గుజ్జుతో చేసినవి. మెట్ల పక్క గోడలకి రాతి చెక్కడంలా కనిపించే వాల్‌పేపర్ అతికించారు. 1764 జూన్‌లో ఆ ఇంట్లో పడుకున్నప్పుడే అతనికో కల వచ్చింది. ఏదో పురాతనమైన కోట, పెద్ద మెట్లు, పైమెట్టు పిట్టగోడ మీద కవచం తొడిగిన బ్రహ్మాండమైన చెయ్యి. ఆ సాయంత్రమే, ఏం రాస్తాడో తనకే తెలియకుండా, రాయడానికి కూర్చున్నాడు. రెండు నెలలైనా పట్టకుండా పూర్తి చేశాడు. ఒక రోజైతే సాయంత్రం ఆరింటికి టీ తాగి మొదలుపెట్టి రాత్రి ఒంటిగంటన్నర దాకా రాసి, వేళ్లు మొరాయించి వాక్యం మధ్యలో ఆపేశాడట. మిత్రుడు విలియం కోల్‌కి రాసిన ఉత్తరంలో ఈ సంగతులన్నీ తనే చెప్పుకున్నాడు.

ఈ హడావిడి పుస్తకంలో తెలుస్తుంది. ఎవరూ కూర్చోరు, ఎవరూ తిండి తినరు. పరిగెడతారు, మూర్ఛపోతారు, మోకాళ్ల మీద పడతారు, అంతలోనే ఎవరో తలుపు తోసుకొస్తారు. నేను చదివిన ప్రతిలో సంభాషణలకి కొటేషన్ గుర్తులు కూడా లేవు. ముగ్గురు మాట్లాడుతుంటే మాటలన్నీ ఒకే పేరాలో కలిసిపోయి, ఎవరు ఎవరో వేలు పెట్టుకుని చూసుకోవాలి. హీరో థియోడోర్ అందగాడు, ధైర్యవంతుడు, అంతకుమించి చెప్పుకోవడానికేమీ లేదు. సన్యాసి జెరోమ్ తన కొడుకుని పుట్టుమచ్చ చూసి గుర్తుపట్టే సీను ఉంది. సరిగ్గా ఆ కుర్రాడి తల నరకబోతున్న క్షణానే ఆ మచ్చ బయటపడుతుంది. మన పాత సినిమాలు చూసినవాళ్లకి అది చుట్టాలింటికి వెళ్లినట్టుంటుంది.

నౌకర్ల కామెడీ ట్రాక్ కూడా అలాంటిదే. డియేగో, జాకెజ్ అని ఇద్దరు పనివాళ్లు పెద్ద గదిలో ఒక రాక్షసాకారపు కాలు చూసి బెదిరిపోయి పరిగెత్తుకొస్తారు. ఏం చూశారో చెప్పమంటే నువ్వు చెప్పు అంటే నువ్వు చెప్పమని ఒకరినొకరు తోసుకుంటూ, చెప్పిందే చెబుతూ మాన్‌ఫ్రెడ్‌కి పిచ్చెక్కిస్తారు. భయం మధ్యలో ఈ వెకిలితనం ఎందుకని అప్పట్లోనే అడిగారు. రెండో ముద్రణ ముందుమాటలో వాల్పోల్ దీనికి షేక్‌స్పియర్‌ని అడ్డం పెట్టుకున్నాడు. విషాదంలో హాస్యం కలిపాడని షేక్‌స్పియర్‌ని తప్పుపట్టిన వోల్టేర్‌తో తగువు పెట్టుకున్నాడు కూడా. హారర్ కామెడీలకి అలవాటుపడ్డ మనకి ఈ వాదనే అక్కర్లేదు.

అంచేత ఈ పుస్తకం చూసి నవ్వొచ్చిందంటే, మనకి పాత సాహిత్యం చదవడం రాదని అర్థం కాదు. 1777లోనే క్లారా రీవ్ అనే రచయిత్రి ఇదే పద్ధతిలో ఒక నవల రాస్తూ, మరుసటి ఏడాది వచ్చిన దాని రెండో ముద్రణ ముందుమాటలో ఈ మాటే అంది. దయ్యాలు ఒక హద్దులో ఉంటే నమ్మగలం, ఇంత భారీ కత్తులూ హెల్మెట్లూ తెస్తే ఊహ కాస్తా చెదిరిపోయి నవ్వొస్తుందని. అటువైపు కవి థామస్ గ్రే మాత్రం, కేంబ్రిడ్జ్‌లో తమలో కొందరికి ఇది చదివి కళ్లనీళ్లొచ్చాయనీ, రాత్రి పడుకోవాలంటే అందరికీ భయమేస్తోందనీ వాల్పోల్‌కి రాశాడు. నవ్వూ భయమూ రెండూ మొదటి తరం పాఠకుల్లోనే ఉన్నాయి.

మన సంగతి ఇంకాస్త వేరే. చందమామ భేతాళ కథలతో, విఠలాచార్య సినిమాలతో పెరిగినవాళ్లకి పెద్ద సైజు ఒక సమస్య కాదు. కొండంత రాక్షసుడొచ్చినా మనం అడిగేది, వాడేమంటున్నాడని. మన భేతాళుడు విక్రమార్కుడి భుజం మీద కూర్చుని కథ చెబుతాడు, ప్రశ్న వేస్తాడు, జవాబు వింటాడు. అతనితో బేరం ఉంది, మాట ఉంది. ఒట్రాంటోలో నాకు కొత్తగా అనిపించింది ఆకారం కాదు, దాని మౌనం. ఈ దయ్యం నవల చివరిదాకా ఒక్క మాట మాట్లాడదు. పైగా ముక్కలు ముక్కలుగా వస్తుంది. ముందు హెల్మెట్. తర్వాత గదిలో ఒక కాలు. తర్వాత వందమంది మోసుకొచ్చిన కత్తి. తర్వాత మెట్ల మీద ఒక చెయ్యి. చచ్చిపోయిన యజమాని తన ఇంట్లోకి ఒక్కో అవయవంగా సామాను చేరవేసుకుంటున్నట్టు ఉంటుంది. ఆఖర్న అన్నీ కలిసి ఒక మనిషై నిలబడ్డప్పుడు గోడలు కూలిపోతాయి. జోస్యం చెప్పింది అక్షరాలా అదే: యజమాని ఇంట్లో పట్టనంత పెద్దవాడయ్యాడు. చిన్నప్పటి చొక్కా తొడుక్కోబోతే చిరిగిపోయినట్టు కోట చిరిగిపోయింది. ఈ ఒక్క ఊహ కోసం వాల్పోల్‌కి చాలా క్షమించేయొచ్చు.

ఇప్పుడు ఇందాక ఆపిన మాటకి వస్తాను. ఈ దయ్యం ఎవరి పక్షం?

పైకి చూస్తే న్యాయం పక్షం. అల్ఫాన్సో మంచి ప్రభువు, అన్యాయంగా హత్యకి గురైనవాడు. అతని హక్కు అతని వారసుడికి చేరాలి. సరే. ఆ హక్కు చేరేలోపు ఎవరెవరు పోయారో లెక్క వేద్దాం. మొదట కాన్‌రాడ్. తాత చేసిన హత్యతో ఆ పదిహేనేళ్ల రోగిష్టి పిల్లాడికి ఏం సంబంధం? వాడు వంశానికి మిగిలిన మగబిడ్డ, అంతే సంబంధం. చివర మటిల్డా. ఆమె తండ్రికి ఎదురుతిరిగి, ఖైదులో ఉన్న థియోడోర్‌ని విడిపించి, ఆయుధాలిచ్చి పంపిన పిల్ల. అసలు వారసుణ్ణి బతికించింది ఆమే. ఆ మటిల్డాని మాన్‌ఫ్రెడ్ అల్ఫాన్సో సమాధి దగ్గర, మసక వెలుతురులో, ఇసబెల్లా అనుకుని పొడిచేస్తాడు. అల్ఫాన్సో విగ్రహం అక్కడే ఉంది. అంతకుముందు ఒకసారి అదే విగ్రహం ముక్కులోంచి మూడు రక్తపు బొట్లు రాలాయి. అది మాన్‌ఫ్రెడ్ వంశంతో అల్ఫాన్సో వంశం ఎప్పటికీ కలవదనడానికి గుర్తని జెరోమ్ వ్యాఖ్యానించాడు. పెళ్లి సంబంధాల మీద అభిప్రాయం చెప్పగలిగిన విగ్రహం, కత్తి దిగుతుంటే కదల్లేదు. ఆమె పోయాకే కోట కూలింది, ఆమె పోయాకే అల్ఫాన్సో నోరు విప్పాడు. విప్పి చెప్పింది ఒక్కటే: అసలు వారసుడు థియోడోర్ అని.

దయ్యానికి కావలసింది అంతే. పేరు మార్పిడి.

మగవాళ్ల మధ్య జరిగే బేరాలు చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. ఇసబెల్లా తండ్రి ఫ్రెడరిక్, చచ్చిపోయాడనుకున్నవాడు, కూతుర్ని విడిపించుకుందామని, కోట మీద తనకీ హక్కుందని వస్తాడు. వచ్చి మటిల్డా మీద మనసు పడతాడు. మాన్‌ఫ్రెడ్ వెంటనే ఒప్పందం ముందు పెడతాడు: నా కూతుర్ని నువ్వు చేసుకో, నీ కూతుర్ని నాకివ్వు. ఫ్రెడరిక్ కాసేపు సరేనంటాడు! ఇద్దరు తండ్రులు కూతుళ్లని కుండమార్పిడి వేసుకుంటున్నారు, కాకపోతే కొడుకుల కోసం కాదు, తమ కోసమే. హిప్పోలిటా మాటేమిటి? ఆమె తన విడాకులకి ఒప్పుకోవడం పాపమా కాదా అని జెరోమ్‌ని అడగడానికి వెళుతుంది. భర్త కోసం అదీ చేస్తుంది. ఇవాళ చదువుతుంటే ఒళ్లు మండే పాత్ర ఆమెది. కానీ వాల్పోల్ ఆమెని ఎక్కడా వెక్కిరించడు. మటిల్డా, ఇసబెల్లా ఇద్దరూ ఆమెని ప్రాణంగా చూసుకుంటారు. ఆ ముగ్గురు ఆడవాళ్ల మధ్య ఉన్న ప్రేమ తప్ప ఆ ఇంట్లో నిలబడి ఉన్నది ఇంకేదీ లేదు.

ఇంకో చిన్న సంగతి, నాకు బాగా నచ్చినది. వాల్పోల్‌కి కలలో కనబడ్డ చెయ్యి, ఈ పుస్తకం మొత్తానికి విత్తనమైన చెయ్యి, నవల్లో ఎవరికి కనిపిస్తుందో తెలుసా? మాన్‌ఫ్రెడ్‌కి కాదు, థియోడోర్‌కి కాదు. మటిల్డా పరిచారిక బియాంకాకి. వాగుడుకాయ అని అందరూ విసుక్కునే పిల్ల. మాన్‌ఫ్రెడ్, ఫ్రెడరిక్ ఆ సంబంధాల గురించి మాట్లాడుకుంటున్న గదిలోకి పరిగెత్తుకొచ్చి, పెద్ద మెట్ల పైకొసన కవచం తొడిగిన చెయ్యి చూశానని వణుకుతూ చెబుతుంది. మాన్‌ఫ్రెడ్ ఆమె నోరు మూయించబోతాడు. ఫ్రెడరిక్‌కి మాత్రం భయం పట్టుకుంటుంది, బేరం చల్లబడుతుంది. తన సొంత కలని వాల్పోల్ ఎవరూ లెక్కచేయని మనిషి చేతిలో పెట్టాడు. ఆ మాట కాసేపైనా ఇద్దరు ఆడపిల్లల బేరానికి అడ్డుపడింది. ఇది అతను ఆలోచించి చేశాడో, రాత్రి ఒంటిగంట దాటాక చెయ్యి ఎటు పోతే అటు రాశాడో చెప్పలేం. కానీ పుస్తకంలో ఉంది.

ఇంకోటి చూడండి. థియోడోర్‌కి హక్కు ఎలా వచ్చింది? అల్ఫాన్సో ప్రయాణంలో తుఫానుకి సిసిలీలో ఆగినప్పుడు విక్టోరియా అనే అమ్మాయిని రహస్యంగా పెళ్లి చేసుకున్నాడు. వాళ్లకి పుట్టిన కూతుర్ని జెరోమ్, సన్యసించక ముందు, పెళ్లాడాడు. వాళ్ల కొడుకు థియోడోర్. అంటే హక్కు వచ్చింది తల్లి వైపు నుంచి. వంశం, మగబిడ్డ, వారసుడు అని ఇంత రక్తం పారించాక, తీరా చూస్తే ఆ గొలుసులో ముఖ్యమైన లింకు ఒక ఆడమనిషి. ఆమె పేరు కథలో ఎక్కడా గుర్తుండేలా వినపడదు. ఆమె హక్కు ఆమె చేతిలో ఒక్క రోజు కూడా లేదు. ఆమె గుండా ప్రవహించి కొడుకుని చేరిందంతే.

చివరి కాగితాల సంగతి. థియోడోర్ పుట్టుకని రుజువు చేసే అసలైన రాతపత్రం తన దగ్గరుందని జెరోమ్ చెప్పబోతాడు. మాన్‌ఫ్రెడ్ అక్కర్లేదంటాడు. ఇప్పుడు చూసినదాని ముందు వెయ్యి దస్తావేజులు ఏపాటివని అతని భావం. దొంగ కాగితంతో మొదలైన కథలో, అసలు కాగితం ఎవరూ విప్పి చదవకుండానే మిగిలిపోతుంది. మర్నాడు పొద్దున మాన్‌ఫ్రెడ్ మాత్రం రాజ్యం వదులుకుంటున్నట్టు సంతకం పెడతాడు. గోడలు కూల్చిన దయ్యం ఆకాశంలోకి వెళ్లిపోయాక కూడా, పని పూర్తవడానికి ఒక సంతకం కావలసొచ్చింది.

తెలుగు పాఠకుడిగా ఇక్కడ నన్నొక తారీకు ఆపింది. రెండో ముద్రణ వెలువడిన ఆ 1765లోనే, ఆగస్టులో, మొఘల్ పాదుషా షా ఆలం ఈస్టిండియా కంపెనీకి బెంగాల్ దివానీ రాసిచ్చాడు. ఉత్తర సర్కారులు, అంటే మన కోస్తా జిల్లాలు, కంపెనీకి దఖలు పడ్డ ఫర్మానా కూడా ఆ నెలదే. నవల అప్పటికే అచ్చయింది కాబట్టి దానికి దీనితో ఏ సంబంధమూ లేదు. కానీ పార్లమెంటు సభ్యుడైన వాల్పోల్‌కి కంపెనీ సంగతులు తెలియనివి కావు. 1772లో ఒక మిత్రుడికి రాసిన ఉత్తరంలో, ఇండియాలో తమవాళ్లు చేసిన హత్యలూ దోపిడీలూ, బెంగాల్ కరువూ తలుచుకుని మండిపడ్డాడు. దొరగారి దగ్గర కొలువుకి చేరి, కాగితం పుట్టించుకుని, కోటకి యజమాని అయిన రికార్డో కథని కోస్తాలో పుట్టినవాళ్లు చదివితే ఇటలీ ఒక్కటే గుర్తురాదు.

వాల్పోల్ వంశం సంగతి కూడా విచిత్రమే. తండ్రి సర్ రాబర్ట్ వాల్పోల్ బ్రిటన్‌కి మొదటి ప్రధానమంత్రిగా పేరున్నవాడు. అతను పోగుచేసిన గొప్ప చిత్రాల సేకరణని మనవడు 1779లో రష్యా మహారాణి కాథరిన్‌కి అమ్మేశాడు. హొరేస్ పెళ్లి చేసుకోలేదు. ముసలితనంలో తండ్రి బిరుదు అతనికొచ్చింది, 1797లో అతనితోనే ఆగిపోయింది. మగవారసుడు లేకపోతే ఏమవుతుందని మాన్‌ఫ్రెడ్ గుండెలు బాదుకున్నాడో, అది వాల్పోల్ ఇంట్లో మామూలుగా జరిగిపోయింది. ఏ గోడా కూలలేదు. స్ట్రాబెరీ హిల్ ఇవాళ్టికీ ఉంది, టికెట్టు కొనుక్కుని చూసిరావచ్చు.

మరి ఈ నవలని ఎలా చదవాలి? హెల్మెట్ చూసి నవ్వొస్తే నవ్వండి, ఆపుకోవద్దు. ఆ నవ్వు తర్వాత ఇంట్లో మనుషులు ఏం మాట్లాడుకుంటున్నారో వినండి. దయ్యాలు వచ్చిన ప్రతిచోటా ఒక బేరం నడుస్తూ ఉంటుంది, ఆ బేరంలో వస్తువు ఎప్పుడూ ఒక ఆడపిల్లే. కొత్త హారర్ సినిమా ఏదైనా సరే, పాత బంగళా, దాని మీద ఎవరిదో పాత హక్కు, అందులోకి కాపురానికొచ్చిన ఒక అమ్మాయి కనిపిస్తే, దయ్యానికి ఏం కావాలో అడిగి చూడండి. ఒట్రాంటో చదివాక ఆ ప్రశ్న అలవాటైపోతుంది.

ముగింపు దగ్గర వాల్పోల్ మనల్ని సంతోషపెట్టే ప్రయత్నం కూడా చేయడు. థియోడోర్ ప్రేమించింది మటిల్డాని. ఆమె లేదు. చాలాకాలం తర్వాత అతను ఇసబెల్లాని పెళ్లి చేసుకుంటాడు. కారణం ప్రేమ అని రచయిత చెప్పడు. తనని ఆవరించిన ఆ దుఃఖం గురించి ఎప్పటికీ మాట్లాడుకోగలిగిన మనిషి ఆమె ఒక్కతే కాబట్టి. వాళ్లకి దక్కిన కోటకి గోడలు కూలిపోయాయి. హక్కు చేతికొచ్చింది గానీ ఇల్లు మిగల్లేదు. ఆరిపోయిన దీపంతో ఒక రాత్రంతా ఆ ఇంటి నుంచి పారిపోవాలని చూసిన ఇసబెల్లా, ఆ శిథిలాలకే యజమానురాలై, ఇంకొకామె కోసం ఏడ్చే భర్త పక్కన మిగిలింది. నవల్లో ఇది ఒకే ఒక్క వాక్యం. నాకు మాత్రం హెల్మెట్ కన్నా, నడిచే బొమ్మ కన్నా, ఆ వాక్యమే గుర్తుండిపోయింది.